తాటి మొవ్వునుండి కంది వేరువరకు: పైరులకు తెగులు నంటించి పరీక్షించిన పద్ధతుల చరిత్ర

గోదావరి డెల్టాలో కాలువగట్టు, చేనిగట్టు, చెరువుగట్టు అను భేదము లేక తాటిచెట్లు బారులు తీరియుండును. గౌతమీశాఖ యొడ్డున నున్న యానాము పరిసరములందును ఇదే దృశ్యము. మామిడితోటకువలె తాటికి ఎవరును పాదు చేయరు, నీరు పోయరు. అయినను పల్లెబ్రతుకులో దాని పాలు ఏ తోటకును తీసిపోదు. వేసవిలో ముంజెలు, ఆపైని పండ్లు, చలికాలమున తేగలు, కల్లు, తాటిబెల్లము, ఇంటికప్పునకు ఆకు, దూలమునకు మాను, కాలువ దాటుటకు దోనె. గీతపనివారి కుటుంబములకు సంవత్సరములో పెక్కునెలల జీవనము దానిమీదనే నడచినది. టెంక మొలచినది మొదలు చెట్టు కాపునకు వచ్చుటకు 12 మొదలు 20 ఏండ్లు పట్టును. తాటికి కొమ్మలు లేవు, ఉన్నది ఒకే మొవ్వు. మొవ్వు చచ్చినచో చెట్టు చచ్చినట్లే. తిరిగి చిగిర్చు ఆశ లేదు.

ఇట్టి చెట్లు 20వ శతాబ్ది తొలి సంవత్సరములలో డెల్టా గ్రామములందు వరుసగా చావసాగెను. మొదట నడిమి లేతయాకు వెలవెలబోయి, ఎండి, ప్రక్కకు వ్రాలును. చుట్టునున్న ముదురాకులు కొంతకాలము పచ్చగనే యుండుటచే దూరమునుండి చూచువారికి చెట్టు బాగుగనే యున్నట్లు తోచును. తుదకు తల రాలిపోయి, మాను మాత్రము స్తంభమువలె మిగులును. మొవ్వును చీల్చి చూచినచో తెల్లని లేతభాగమంతయు ముద్దయై భరింపరాని కంపు కొట్టుచుండును. దీనికే మొవ్వుకుళ్ళు తెగులని పేరు.

ఈ తెగులునకు కారణమేమో తేల్చుటకు వచ్చినవాడు ఎడ్విన్ జాన్ బట్లరు. ఐర్లండులో 1874లో జన్మించి, వైద్యము చదివి, ఆ వృత్తిని విడిచి శిలీంధ్రశాస్త్రమునకు మరలిన ఈయన 1901లో భారత ప్రభుత్వపు కొలువులో చేరి, 1905లో బీహారునందలి పూసాలో వ్యవసాయ పరిశోధన సంస్థ ఏర్పడిన పిమ్మట అచ్చట శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగా పనిచేసెను. గోదావరి తాటిచెట్ల మట్టల తొడుగులపై పల్లముపడిన మచ్చలను, ఆ మచ్చలలో దూదిపోగులవలె అల్లుకొన్న సన్నని శిలీంధ్రమును ఆయన గుర్తించెను. 1907లో దానికి పిథియం పాల్మివోరం అని నామకరణము చేసెను. తాటిజాతిని తినివేయునది అని ఆ రెండవ మాటకు అర్థము. తరువాత 1919లో అది ఫైటోఫ్తోరా అను ప్రజాతిలోనికి మార్చబడి, నేటివరకు ఫైటోఫ్తోరా పాల్మివోరా అను పేరనే వ్యవహరింపబడుచున్నది.

పేరు పెట్టుట ఒక యెత్తు, దోషము నిరూపించుట మరియొక యెత్తు. కుళ్ళిన మొవ్వులో శిలీంధ్రము ఒక్కటియే కాదు, బాక్టీరియాలు కోటానుకోట్లు, పురుగులు, ఈగపిల్లలు, వేరే బూజులు, ఎన్నియో కనబడును. శవము ప్రక్కన నిలిచినవారందరు హంతకులు కారు గదా! వారిలో ఎవడు ముందు వచ్చెనో తెలియుటకు ఒకటే మార్గము: అనుమానించిన జీవిని వేరుచేసి, ఆరోగ్యముగ నున్న చెట్టునకు కావలెనని అంటించి, అదే తెగులు పుట్టునో లేదో చూచుట.

కావలెనని తెగులు నంటించి చూచుట అప్పటికి క్రొత్తగాదు. ఫ్రాన్సు దేశమున త్రువా నగరపు టంకసాల అధికారియైన మాథ్యూ తిల్లే, గోధుమగింజల లోపల నల్లని కంపుపొడి నింపు తెగులుపై 1755లో ఒక గ్రంథము ప్రకటించెను. ఆయన నేలను మడులుగ విభజించి, కొన్నింట ఆ పొడి పూసిన విత్తనమును, కొన్నింట శుభ్రమైన విత్తనమును చల్లి రెంటి ఫలితమును సరిపోల్చెను. పొడి పూసిన విత్తనమునుండియే తెగులు హెచ్చుగ వచ్చినది. కాని ఆయన దానిని ఒక విషపదార్థమని తలచెనే కాని ప్రాణియని తలచలేదు. పరీక్ష సరియైనదే, వ్యాఖ్యానము తప్పినది. 1807లో బెనెడిక్టు ప్రెవో ఆ పొడిలోని సిద్ధబీజములు నీటిలో మొలకెత్తుటను కన్నులార చూచిన పిమ్మట గాని ఆ లోపము తీరలేదు. 1861లో జర్మను శాస్త్రజ్ఞుడు డి బారీ బంగాళాదుంప ఆకులపై శిలీంధ్రపు సిద్ధబీజముల నుంచి ఆకుమాడు తెగులును పుట్టించి చూపెను. 1880 దశకమున రాబర్టు కాకు మానవుల వ్యాధులకు చెప్పిన నియమమును పిమ్మట చెట్ల వైద్యులు కూడ గ్రహించిరి: రోగినుండి జీవిని వేరుచేయవలెను, దానిని ఒంటరిగ పెంచవలెను, ఆరోగ్యవంతునికి అంటించి అదే రోగమును తెప్పింపవలెను, ఆ క్రొత్త రోగినుండి తిరిగి అదే జీవిని రాబట్టవలెను.

నియమము నాలుగు మాటలలో చెప్పవచ్చును. నలువది అడుగుల తాటిచెట్టుపై దానిని నడిపించుట వేరు సంగతి. ఆ జీవిని అంటించుట యెట్లు? చరిత్రలో అసలు పేచీ ఇచ్చటనే పుట్టినది.

సులువైన మార్గము తెగులు పట్టిన తొడుగు ముక్కను కోసి ఆరోగ్యముగల చెట్టు తొడుగునకు ఆనించి కట్టుట. ప్రకృతిలో జరుగుదానికి ఇది దగ్గర. కాని ఆ ముక్కతోపాటు దానిలో కాపురమున్న సకల జీవులును క్రొత్త యింట ప్రవేశించును. తెగులు వచ్చినను ఎవరివలన వచ్చినదో చెప్పలేము. అందువలన శుద్ధ వర్ధనము, అనగా గాజుగొట్టములో ఒంటరిగ పెంచిన శిలీంధ్రము, అవసరమైనది. మొవ్వు కుళ్ళిన పిమ్మట లోపలినుండి దానిని రాబట్టుట మిక్కిలి కష్టము; బాక్టీరియాలు ముందే ఆక్రమించియుండును. వెలుపలి తొడుగుమీది క్రొత్తమచ్చ అంచునుండి తీసినచో కొంత అనుకూలము.

శుద్ధ వర్ధనము చేతికి వచ్చిన తరువాత మరల రెండు దారులు. కత్తితో గాటు పెట్టి, దానిలో శిలీంధ్రమును కూరి, గాటును మూయుట మొదటిది. గాయము లేని తొడుగుమీదనే దానినుంచి, తడి ఆరకుండ చూచుకొనుట రెండవది. మొదటి దారిలో ఫలితము త్వరగ వచ్చును, దాదాపు ఎల్లప్పుడు వచ్చును. అనుమానింపవలసినది కూడ దానినే. తాటి మొవ్వు చక్కెర నిండిన లేతకండ. దాని రక్షణమంతయు చుట్టుకొన్న తొడుగుల గట్టిదనములోనే యున్నది. ఆ కోటగోడను మనిషియే పగులగొట్టి లోనికి త్రోవ చూపినపుడు, స్వయముగ గోడ దూకజాలని దుర్బలజీవి కూడ లోపల విజృంభింపగలదు. గాటు పరీక్ష "ఈ జీవి లోపలికి వచ్చినచో కుళ్ళింపగలదా" అను ప్రశ్నకు సమాధానము. గాయములేని పరీక్ష "ఈ జీవి తానై లోపలికి రాగలదా" అను ప్రశ్నకు సమాధానము. రెండును వేరువేరు ప్రశ్నలు.

రెండవ దారిలో మరియొక చిక్కు కలదు. ఫైటోఫ్తోరా తన సిద్ధబీజములను నీటిలోనికి వదలును. అవి తోకలవంటి తంతువులతో ఈదుచు పోయి ఆకును తాకి మొలకెత్తును. నీటిపొర లేనిచో ఈత లేదు, ఈత లేనిచో ప్రవేశము లేదు. వానకాలపు ముసురులో చేసిన పరీక్ష ఫలించి, అదే చేతులతో అదే వర్ధనముతో చైత్రమాసపు ఎండలో చేసినది విఫలమైనచో, శిలీంధ్రము నిర్దోషి యని తీర్పు చెప్పరాదు. పరీక్షకుడు తడిని ఎంతసేపు నిలిపెనన్నది శిలీంధ్రమెంత ముఖ్యమో అంత ముఖ్యము. ఇక ప్రతి పరీక్షకును జోడుగ ఒక చెట్టునకు శిలీంధ్రము లేకుండ అదే గాటు, అదే తడి, అదే కట్టు కట్టి విడువవలెను. ఈ ఉత్త చెట్టు ఆరోగ్యముగ నిలిచిననే మొదటి చెట్టు చావునకు విలువ.

1910లో బట్లరు భారతదేశపు తాటిజాతుల మొవ్వుకుళ్ళుపై విపులమైన గ్రంథమును వెలువరించెను. 1914లో షా, సుందరరామన్ అనువారు మలబారు కొబ్బరిచెట్ల మొవ్వుకుళ్ళుపై తమ పరిశీలనను ప్రకటించిరి. మద్రాసు ప్రభుత్వపు శిలీంధ్రశాస్త్రజ్ఞుడుగ కోయంబత్తూరులో పనిచేసి, పిమ్మట బట్లరు స్థానమునకు పూసా చేరిన విలియం మెక్రే, తాటికిని కొబ్బరికిని ఈ శిలీంధ్రమును అంటించి చేసిన పరీక్షలను 1923లో ప్రత్యేక గ్రంథముగ ప్రచురించెను. 1907లో పెట్టిన పేరునకు, ఈ పరీక్షల ప్రకటనకు నడుమ 16 సంవత్సరములు గడచినవి. ఒక చెట్టు తెగులు విషయమున ఇంత కాలము పట్టినదేమని ఆశ్చర్యపడు పాఠకుడు, అదే కాలమున భూగోళమునకు ఆవలివైపున జరిగినదానిని గమనింపవలెను.

వెస్టిండీసు దీవులలోను క్యూబాలోను కొబ్బరిచెట్లు ఇట్లే మొవ్వు కుళ్ళి చచ్చుచుండెను. అమెరికా వ్యవసాయశాఖకు చెందిన జాన్ జాన్‌స్టన్ అచ్చట పరిశోధించి 1912లో తన నిర్ణయమును ప్రకటించెను: కారణము శిలీంధ్రము కాదు, బాక్టీరియా, అదియు మానవుల, పశువుల ప్రేగులలో నుండు బాసిల్లస్ కోలై అను జీవి, లేక దానినుండి వేరుచేసి చెప్పరానిది. ఆ బాక్టీరియాను అందించిన మొక్కలు కుళ్ళినవి. వానినుండి తిరిగి అదే బాక్టీరియా లభించినది. కాకు నియమము అక్షరాల నెరవేరినట్లే తోచినది. కాని నియమము నెరవేరుట వేరు, ప్రశ్న సరియైనదగుట వేరు. లేతమొవ్వు వరకు చేరిన కోలై దానిని కుళ్ళించుటలో వింత యేమున్నది? తొడుగుల కోటను దాటి మొవ్వును చేరినదెవరు అనునది కదా తేలవలసినది! 1920 దశకమున ఫిలిప్పీను దీవులలోను, జమైకాలోను, పోర్టోరికోలోను జరిగిన పరిశోధనలు మొవ్వుకుళ్ళులో ఫైటోఫ్తోరాయొక్క పాత్రను నిలబెట్టినవి. బాక్టీరియా తరువాత వచ్చు దోపిడికాడు మాత్రమే. తలుపు తీసినది శిలీంధ్రము. మలయాలో మరల ఇంకొక వింత: పిడుగుపాటున మొవ్వు చచ్చిన కొబ్బరిచెట్లు కూడ మొవ్వుకుళ్ళు లెక్కలో చేరిపోవుచుండెనని 1933లో షార్పుల్సు వాదించెను. జాన్‌స్టన్‌ను అజాగ్రత్తపరుడని నిందించుట న్యాయము కాదు. ఆయన పని ఓపికతో చేసినదే. ఆయన పద్ధతి ఆయనకు చెప్పగలిగినంత మాత్రమే చెప్పినది.

ఈ పేచీ పండితుల గదులలో ముగియునది కాదు. మద్రాసు ప్రభుత్వపు వ్యవసాయశాఖ గోదావరి, కృష్ణా మండలములలో తెగులు సోకిన చెట్ల తలలను నరికి కాల్పించు కార్యక్రమమును నడపినది. తెగులు గల చెట్టు కొంతకాలము ఆకుపచ్చగనే యుండునని పైన చెప్పబడినది. అట్టి పచ్చని చెట్టును, ఇంకను రెండు నెలలు కల్లు దిగునని ఆశపడు చెట్టును, గొడ్డలి పాలుచేయుమని యజమానికి చెప్పుట సులువు కాదు. గీతపనివాని మాట చెప్పనే అక్కరలేదు. ఒక్క దినమున పది చెట్లెక్కి దిగువాడే ఒక చెట్టు మచ్చను మరియొక చెట్టునకు మోయునను అనుమానము కూడ వానిమీదనే పడుటకు వీలున్నది. ఇంత కఠినమైన చర్యకు ఆధారమేమి? శిలీంధ్రము వెలుపలి తొడుగుపై పుట్టి, అచ్చటినుండి పొరుగుచెట్టునకు తడిలో వ్యాపించి, గాయము లేకయే ప్రవేశించునను నిర్ణయమే. ఆ నిర్ణయము నిజమైనచో తలను కాల్చుట పొరుగుచెట్లను రక్షించుటయే. దానికి మారుగ, పశువుల పేడలో సైతము నుండు బాక్టీరియా తెగులునకు మూలమైనచో, ఊరిలోని తాటితలలన్నియు కాల్చినను ప్రయోజనము సున్న. పేదవాని చెట్టు ఊరక పోయినట్లే. గాటు పెట్టి అంటించిరా, పెట్టక అంటించిరా అను చిన్న తేడాపై ఒక మండలపు గొడ్డళ్ళ ధర్మాధర్మములు ఆధారపడియుండినవి.

కర్ణాటకపు మలెనాటి పోకతోటలలో ఇదే కుటుంబపు శిలీంధ్రము కొళెరోగమను పేర కాయలను రాల్చును. మైసూరు సంస్థానమున 1908లో చేరిన లెస్లీ కోల్‌మన్ అను కెనడా దేశీయుడు 1910లో దానిపై గ్రంథము వ్రాసెను. పోకకాయ చేతికందునది, చిన్నది. కోసి తెచ్చి గదిలో తడిగిన్నె క్రింద నుంచి పరీక్షింపవచ్చును. తాటితలపై ఏండ్లు పట్టు పని ఇచ్చట దినములలో జరుగును. నీటిబొట్టులోని సిద్ధబీజమే కాయను చెరచునని తేలినపుడు, వానలకు ముందే కాయలపై మైలుతుత్తము, సున్నము కలిపిన బోర్డో మిశ్రమమును చల్లుట ఫలించుననుట తేటపడెను. ఆ పిచికారీ నేటికిని మలెనాట వాడుకలో నున్నది.

ఇంతవరకు చెప్పినవి ఆకును, కాయను, మొవ్వును పట్టు తెగుళ్ళు. నేలలో దాగి వేరును పట్టు తెగులు మరింత మాయలది. కంది ఎండుతెగులు దానికి తగిన యుదాహరణము. పూతకు వచ్చిన కంది చేనిలో ఒక్కొక్క మొక్క నీరున్నను దప్పిగొన్నదానివలె వాడి చచ్చును. కాండముపై ఊదారంగు చార, బెరడు ఒలిచినచో లోపల నల్లని గీతలు కానవచ్చును. ఇచ్చట కూడ తొలి చిక్కుముడి విప్పినది బట్లరే. అమెరికాలో ఎర్విన్ స్మిత్ అను ప్రసిద్ధ శాస్త్రజ్ఞుడు 1899లో ప్రత్తి, పుచ్చ, అలసందల ఎండుతెగుళ్ళకు నియోకాస్మోస్పోరా అను శిలీంధ్రమును కారణముగ చూపియుండెను. చచ్చిన కందివేళ్ళపైనను అదే కనబడుచుండెను. బట్లరు దానిని, వేరులోపల దొరకు ఫ్యుజేరియమును వేరువేరుగ పెంచి అంటించి చూచెను. మొదటిది చచ్చిన వేరును తిని బ్రదుకునదే కాని చంపునది కాదని, చంపునది రెండవదేనని 1910లో నిర్ణయించి, దానికి ఫ్యుజేరియం ఉడం అను పేరు పెట్టెను. అంతటి విద్వాంసుని మాటను కాదనుటకు ఆయనకు ఆధారము కుండలలోని కందిమొక్కలు మాత్రమే.

హంతకుడు తెలిసిన పిమ్మట ప్రశ్న మారినది. నేలలో ఏండ్లతరబడి దాగియుండు ఈ శిలీంధ్రమును మందుచల్లి చంపుట రైతునకు సాధ్యము కాదు. దానిని తట్టుకొను కందిరకమును ఏరుటయే గతి. వేలకొలది రకములలో ఏది తట్టుకొనునో తెలియుటకు అన్నింటికిని తెగులు నంటింపవలెను. ఇచ్చట అంటించు విధానము నేరనిరూపణకు కాదు, ఎంపికకు సాధనము.

లేతమొక్కను పెరికి, వేళ్ళు కడిగి, కొనలు కత్తిరించి, సిద్ధబీజములు కలిపిన నీటిలో ముంచి నాటుట ఒక పద్ధతి. కొన్ని వారములలో ఫలితము తేలును. తక్కువ చోటు చాలును. కాని కత్తిరించిన వేరు తాటికి పెట్టిన గాటువంటిదే. వేరు పైపొరలో శిలీంధ్రమును అడ్డగించు బలము గల రకము, ఆ బలమును చూపు అవకాశమే లేక చచ్చును. చేనిలో నిలువదగిన రకమును పరీక్షకుడు చేజేతుల పారవేయుటకు ఇందు వీలున్నది. కుండమన్నులో శిలీంధ్రమును కలిపి విత్తుట రెండవ పద్ధతి. వేరు తెగదు, కాని కుండలో వేరునకు చోటు లేదు, పూతవరకు పెంచుట కష్టము, శిలీంధ్రపు మోతాదు పరీక్షకుని యిచ్చవచ్చినట్లు హెచ్చుతగ్గులగును. మూడవది తెగులు మడి. ఒక చేనిని ఎన్నుకొని, ఎండి చచ్చిన కందిమొక్కలను తెచ్చి నరికి ఆ నేలలోనే దున్ని, తెగులునకు లోబడు రకమునే ఏటేట విత్తుచు, నేలనంతటిని కావలెనని రోగగ్రస్తము చేయుదురు. మంచినేలను చెడగొట్టుటకు ఇంత శ్రమపడుట చూచిన రైతు నవ్వుకొనక మానడు. ఫలితము నిదానము, మడి సిద్ధపడుటకే రెండు మూడేండ్లు పట్టును. చేనిలో ఒకమూల శిలీంధ్రము హెచ్చుగను మరియొక మూల తక్కువగను ఉండుట పెద్ద చిక్కు.

1972లో హైదరాబాదు చెంత పటాన్‌చెరులో స్థాపింపబడిన అంతర్జాతీయ మెట్టపంటల పరిశోధన సంస్థ, ఇక్రిసాట్, ఈ మూడవ పద్ధతినే నల్లరేగడిపై పెద్దయెత్తున నడపినది. కుండ, వేరుముంపు పద్ధతులు అచ్చట త్రోసివేయబడలేదు. అవి జల్లెడలో ముందరి పెద్దకన్నులుగ ఉపయోగించినవి. తుదితీర్పు మాత్రము చేనిది. అట్లు నిలచిన రకములలో ఐ.సి.పి. 8863 అనునది మారుతి యను పేర 1986లో కర్ణాటకమున విడుదలయ్యెను. గుల్బర్గా ప్రాంతపు నల్లరేగళ్ళలో కందియే ముఖ్యమైన పంట. ఆ సరిహద్దు తాలూకాలలో తరతరములుగ కాపురమున్న తెలుగు రైతులకును అది పరిచితమైన పంటయే. ఎండుతెగులుతో చేలు వట్టిపోవుచున్న ఆ సీమలో మారుతి త్వరలోనే వ్యాపించినది.

అయినను మారుతికి ఒక లోపముండెను. గొడ్డుమోతు తెగులు, రైతులు కొందరు వెర్రితెగులనునది, దానికి సులభముగ సోకును. ఆ తెగులునకు మూలము శిలీంధ్రము కాదు, కంటికానని నల్లి మోయు వైరసు. కావున దానిని అంటించు పద్ధతియు వేరు. ఇక్రిసాట్ శాస్త్రజ్ఞులు 1976లో దానికొక విచిత్రమైన ఉపాయము చెప్పిరి: తెగులు గల ఆకును తెచ్చి, ఆరోగ్యముగల మొక్క ఆకునకు, కచేరీలలో కాగితములు గుచ్చు స్టేప్లరుతో గుచ్చుట! నల్లులు ఆకునుండి ఆకునకు తామై నడచి పోవును. రెండు తెగుళ్ళకును రెండు పద్ధతుల పరీక్ష దాటిన ఆశ అను రకము 1993లో వెలువడినది. ఒక తెగులు పరీక్షలో గెలిచినంతమాత్రమున మొక్కకు సర్వరోగనిరోధము సిద్ధించినదని భ్రమపడిన రైతు నష్టపోవును. మారుతి విషయమున ఆ జాగ్రత్త అవసరమైనది.

తెగులు మడి తీర్పు చేని తీర్పుకన్న కఠినమనుటకు మరియొక కారణము కలదు. తెలంగాణములోను, కర్ణాటక, మహారాష్ట్ర మెట్టలలోను కందిని ఒంటరిగ విత్తుట తక్కువ. జొన్నసాళ్ళ నడుమ విత్తుట పూర్వాచారము. జొన్నతో కలిపి విత్తిన కందిలో ఎండుతెగులు తగ్గునని పరిశోధనలలో కూడ తేలినది. తెగులు మడిలో జొన్న యుండదు, ఏటేట కందియే. కావున అచ్చట సగము చచ్చిన రకము రైతు చేనిలో జొన్న ప్రక్కన చాలవరకు నిలువవచ్చును. తాతలనాటి సాలు పద్ధతి తెగులుమందు కూడ యని తెలియుటకు ఇంత కాలము పట్టినది.

తమిళనాట కోయంబత్తూరు నల్లనేలలలోను, కోవిల్పట్టి కరిసల్ భూములలోను శతాబ్దములుగ స్థిరపడిన తెలుగు కాపుదనపు కుటుంబములు ప్రత్తిసేద్యమునకు పేరొందినవి. ప్రత్తి ఎండుతెగులు కూడ ఫ్యుజేరియపు పనియే. మద్రాసు విశ్వవిద్యాలయపు వృక్షశాస్త్ర పరిశోధనశాలలో టి.ఎస్. సదాశివన్ ఆధ్వర్యమున ఈ తెగులుపై పెక్కేండ్లు కృషి జరిగినది. నేలలోని ఇతరజీవులు, శిలీంధ్రము మొక్కలోపల విడుచు విషము మున్నగు విషయములలో ఆ శాలకు ప్రపంచఖ్యాతి వచ్చెను. వేడితో శుద్ధిచేసిన మన్నులో చెలరేగు శిలీంధ్రము, తోడిజీవులు నిండిన సహజపు నేలలో ఆ జోరు చూపకపోవుట నేల తెగుళ్ళను శోధించువారికెల్ల అనుభవమే. శుద్ధిచేసిన కుండమన్ను ఫలితమును నేరుగ చేనికి అన్వయింపరాదనుటకు ఇదియొక హేతువు.

ఒడిస్సాలో కటకము చెంత 1946లో నెలకొల్పబడిన కేంద్ర వరి పరిశోధన సంస్థలోను, ఇతర వరి కేంద్రములలోను అగ్గితెగులునకు వాడిన నారుమడి పద్ధతి తెగులు మడికి తోబుట్టువు. పరీక్షించు రకములను చిన్న వరుసలుగ దగ్గరదగ్గరగ విత్తి, చుట్టును తెగులునకు లోబడు రకమును కంచెవలె పెట్టి, నత్రజని ఎరువు మితిమీరి వేసి, సాయంకాలము తడి నిలిపెదరు. గాలి తానే సిద్ధబీజములను మోయును. 1963 తరువాత ఇట్టి నారుమళ్ళను ఒకే క్రమమున పెక్కుదేశములలో విత్తి ఫలితములను సరిపోల్చుట ఆరంభమైనది. దీని లోపము వరిరైతు ఎరిగినదే: నారులో ఆకుపై అగ్గిని తట్టుకొన్న రకము, వెన్నుతీసిన పిమ్మట మెడవిరుపునకు లోబడవచ్చును. అందువలన మెడకు వేరుగ, వెన్ను తీయు సమయమున, సిద్ధబీజముల నీటిని పిచికారీచేసియో, సూదితో పొట్టలోనికెక్కించియో పరీక్షింతురు. సూది మరల గాయమే. తాటి మొవ్వునాటి అనుమానము సూదితో వచ్చిన ఫలితమును ఇప్పటికిని వెంటాడుచుండును.

పటాన్‌చెరు తెగులు మడిలో పరీక్షించు కందివరుసల నడుమ కొలదిసాళ్ళకొకసారి ఐ.సి.పి. 2376 అను రకమును విత్తు ఏర్పాటు ఒకటి కలదు. అది ఎండుతెగులునకు పూర్తిగ లోబడు రకము, చచ్చుటకొరకే విత్తబడును. కోతనాటికి ఆ సాలంతయు ఎండి నిలచినచో దాని ప్రక్కన పచ్చగనున్న రకమును పేరు వ్రాసికొందురు. ఏ మూలనైన ఆ సాలు పచ్చగ మిగిలినచో, ఆ మూల శిలీంధ్రము చాలలేదని గ్రహించి, అచ్చట బ్రదికిన రకములన్నింటిని మరుసటి యేడు తిరిగి విత్తుదురు.